ఆగవలసిన చోటు

ఆ వేసవిలో నా భార్య పదహారు రోజులు నేలను చూస్తూ బతికింది.

కంటి వెనకపొర ఊడితే ఆపరేషను చేసి, లోపల ఒక వాయువు బుడగ పెట్టారు. ఆ బుడగ తేలి వెళ్ళి పొరను అదిమిపట్టాలంటే మనిషి ముఖం కిందికి వంచుకునే ఉండాలి. తింటున్నా, కూర్చున్నా, పడుకున్నా. తేలికైనది పైకి పోతుంది, అంతే సూత్రం. డాక్టరు చెప్పినదాన్ని కాగితం మీద బొమ్మ గీసి రాణికి వివరించాను. ఆమె అన్నిటికీ ఒప్పుకుంది. చదవకూడదన్న దగ్గర మాత్రం గొంతు మారింది.

"పొద్దున్నే ఒక కీర్తన చదువుకోకపోతే నాకు రోజు మొదలవదండీ," అంది దిండులోకి.

ఆమె పూర్తి పేరు ఎస్తేరు రాణి. సామర్లకోట దగ్గరి లూథరన్ కుటుంబం. తండ్రి ఒక పల్లె చర్చిలో ఉపదేశిగా పనిచేశాడు. నేను ఇరవయ్యో ఏటనే దేవుడి ప్రసక్తి వదిలేసినవాణ్ణి. మా పెళ్ళి రిజిస్ట్రారు బల్ల ముందు జరిగింది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా మా మధ్య ఒక ఒడంబడిక ఉంది: ఆమె తన దేవుణ్ణి నా మీదికి తీసుకురాదు, నేను ఆయన్ని వాదనలోకి లాగను. ఆదివారం ఆమెను చర్చి గేటు దగ్గర దింపి, సముద్రం ఒడ్డున పేపరు చదువుకుని, పన్నెండింటికి మళ్ళీ ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. అందువల్ల నేను అన్న మాట నాకే వింతగా వినిపించింది.

"నేను చదువుతాను."

దిండు కదిలింది. "మీరా?"

"తెలుగేగా. చదవడానికి నమ్మకం అక్కర్లేదు, కళ్ళజోడు చాలు."

దిండు నవ్వింది.

మర్నాటి నుంచి ఆమె గుర్తు పెట్టుకున్న చోట, అరవై అయిదో కీర్తన దగ్గర మొదలుపెట్టాను. రోజుకొకటి. అక్కడక్కడ వచనం చివర బ్రాకెట్లలో 'సెలా' అని ఉండేది. నేను దాన్నీ ఒక పేరులాగా గట్టిగా చదివేవాణ్ణి. అప్పుడు రాణి వీపు కొద్దిగా కదిలేది. నవ్వో నొప్పో తెలిసేది కాదు. ముఖం కనిపించని మనిషికి చదివి వినిపించడంలో అదే ఇబ్బంది.

ఆ రోజుల్లోనే మరో పనికి కూడా ఒప్పుకుని ఉన్నాను.

ఆనందపురం దాటాక ఉన్న ఒక ప్రైవేటు ఉక్కు కర్మాగారంలో, మార్చి నెలలో, లేడిల్ పేలింది. కొలిమిలో కరిగిన ఉక్కును పట్టి మోసే పెద్ద బొక్కెనను లేడిల్ అంటారు. రెండు నిలువుల ఎత్తు, బయట ఇనుప పెంకు, లోపల కాలని మట్టి పూత. పూత కొత్తగా వేసినప్పుడు దాన్ని గంటలకొద్దీ మంట పెట్టి ఆరబెట్టాలి. ఏ మూలైనా తేమ మిగిలి, దాని మీద ఉక్కు పడితే, ఆ తేమ ఒక్కసారిగా ఆవిరై మొత్తాన్ని పైకి విసురుతుంది. అలాగే విసిరింది. ముగ్గురు పోయారు. వాళ్ళలో లేడిల్ సిద్ధం చేసే మనిషి దొరబాబు ఒకడు.

విచారణకు ముగ్గురితో సంఘం వేశారు. అధ్యక్షుడు శ్రీరామ్మూర్తి, నేను రిటైరైన ప్రభుత్వ ఉక్కు కర్మాగారంలో నా కింద పని నేర్చుకున్నవాడు. "గురువుగారూ, మీరు లేకపోతే ఈ రిపోర్టుకి ముఖం ఉండదు," అన్నాడు. పదేళ్ళుగా నన్నెవరూ ఏమీ అడగలేదు. వెళ్ళాను.

కంపెనీ వాదన సూటిగా ఉంది. పూత సక్రమంగానే ఆరింది. పద్నాలుగు గంటలు మంట పెట్టిన రుజువుగా ఉష్ణోగ్రత పట్టిక ఉంది. కాబట్టి తేమ వచ్చింది పూతలోంచి కాదు, ఇసకలోంచి. లేడిల్ అడుగున ఉక్కు కిందికి దిగే రంధ్రాన్ని పొడి ఇసకతో నింపుతారు. ఆ ఇసక పోసినవాడు దొరబాబు. తడి ఇసక పోశాడు. తప్పు అతనిది.

ఆ పట్టికను నేను బల్ల మీద పరిచి చూశాను. గీత తాడు పట్టి గీసినట్టు కింది మూల నుంచి పై మూలకు ఏటవాలుగా ఎక్కిపోయింది. చూడగానే మనసులో ఏదో చిన్న ముల్లులా తగిలింది. తడి ఉన్న వస్తువును వేడిచేస్తే గీత నూరు డిగ్రీల దగ్గర కాసేపు ఆగాలి. లోపలి నీరంతా ఆవిరయ్యేదాకా ఎంత మంట పెట్టినా వేడి పైకి కదలదు. నీళ్ళున్నంతసేపు గిన్నె మాడదని వంటింట్లో అందరికీ తెలుసు. ఈ గీత ఎక్కడా ఆగలేదు.

"వేడి కొలిచే తీగ ఎక్కడ పెట్టారు?" అని అడిగాను.

"పెంకు మీదే సార్, మామూలుగానే," అన్నాడు కంపెనీ ఇంజనీరు.

శ్రీరామ్మూర్తి గడియారం చూసుకున్నాడు. "తీగ కాస్త అటూఇటూ ఉంటే గీత మారుతుంది కదా, గురువుగారూ?"

మారవచ్చు. ఆ 'వచ్చు'ను పట్టుకుని నేను కలం మూశాను. పైగా ఆ రోజు పొద్దున కారులో వస్తూ, "అసలే పోయినవాడు, పాపం, తప్పు అతని మీద ఎలా రాయడం," అని శ్రీరామ్మూర్తి నసిగితే, ధైర్యం చెప్పింది నేనే: "చనిపోయినవాడికి లాభనష్టాలు ఉండవు, శ్రీరామ్మూర్తీ. అది సెంటిమెంటు." నా సిద్ధాంతం ప్రకారం ఆ మాటలో లోపమేమీ లేదు.

గేటు బయట టీ కొట్టు దగ్గర క్రేను నడిపే ఉమామహేష్ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. లోపల అతని సాక్ష్యం నాలుగు ముక్కల్లో అయిపోయింది.

"మా దొరబాబు బావ ఇసక్ని ఏపుతాడు సార్," అన్నాడు గ్లాసులోకి చూస్తూ. "రేకు మీద పోసి, కొలిమి పక్కనెట్టి, ఎండు రొయ్యలేపినట్టు ఏపుతాడు. 'ఏటి బావా, కూరొండుతన్నావా' అని మేం ఎక్కిరిత్తాం. ఆ దినం గూడా ఏపినాడు. పైనుంచి నాను సూసినాను."

"ఆ మాట లోపల చెప్పలేదేం?"

"మా కంట్రాక్టరు మీ ఎదుర కుర్సీలోనే కూకున్నాడు కదా సార్."

అరుగు మీద ఒక పెద్దామె కూర్చుని ఉంది. దొరబాబు తల్లి, గంగాలమ్మ. ఏదో కాగితం మీద వేలిముద్ర కోసం పిలిపించారట. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను.

"మాది ఏటకెల్లే ఇల్లు బాబూ," అంది. "ఎండు సేప ఎండిందో నేదో ఏలెట్టి నొక్కితే సెప్పీగలం. తడి మిగిల్తే పురుగట్టీద్ది. ఆ గేనం ఆడికి పాలతోటే వొచ్చింది. అలాటోడు తడిసిన ఇసక పోసీసినాడని రాత్తన్నారంట. నిజమేనా?"

"ఇంకా ఏమీ రాయలేదమ్మా," అన్నాను.

నా సంచిలో రిపోర్టు ముసాయిదా ఉంది. ఆ వాక్యం ఏడో పేరాలో ఉంది. దాని భాష చక్కదిద్దింది నేనే.

"మా ఈదిలో వీరేంద్రని ఈ పనిలో ఎట్టింది మావోడే. ఆ గుంటడూ పోనాడు. ఇప్పుడాడి తల్లి కుళాయి కాడ మా కోడల్ని బిందె ఎట్టనియ్యదు. 'నీ మొగుడే నా కొడుకుని సంపీసినాడు' అంటది. ఈదంతా దాని మాటే. ఉప్పు నీళ్ళు తాగుతన్నాం బాబూ, నాలుగు వారాల్నించి." ఆమె ఏడవలేదు. "సచ్చినోడి మీద ఏటి రాసినా ఆడు లేసి రాడు. ఆడి కూతురు మాత్రం ఈ ఈదిలోనే పెరగాల."

నేను సంచి భుజం మార్చుకుని కారు ఎక్కాను.

పదకొండో రోజున డెబ్బై అయిదో కీర్తన వచ్చింది. వీధిలో ముంజలవాడు అరుస్తున్నాడు. ఎండ ఎనిమిదింటికే కిటికీ చువ్వలను కాల్చేస్తోంది. రాణి మంచం మీద బోర్లా పడుకుని, వృత్తంలా చుట్టిన దిండులో ముఖం పెట్టుకుని ఉంది.

చదివాను. అందులో దేవుడే మాట్లాడతాడు: నేను పెట్టిన గడువుకు నేనే వంకర లేకుండా తీర్పు చెబుతాను, భూమీ దాని మీది మనుషులూ కరిగిపోతున్నా దాని స్తంభాలను నిలబెట్టేది నేను. "సెలా," అని చదివి, ముందుకు పోయాను. గొప్పతనం తూర్పు నుంచి రాదు, పడమటి నుంచి రాదు, ఎడారి నుంచి రాదు. ఒకణ్ణి దించేదీ ఒకణ్ణి ఎత్తేదీ ఆ న్యాయాధిపతే. ఆయన చేతిలో ఒక పాత్ర ఉంది, పొంగుతోంది. దాన్ని వంచి పోస్తాడు. చెడ్డవాళ్ళు అడుగున మడ్డితో సహా తాగాలి.

నేను ఆగలేకపోయాను. "రాణీ, ఇది లేడిల్! కరిగే భూమి, స్తంభాలు, పొంగే పాత్ర, అడుగున మడ్డి. మీ కవి ఎక్కడో మెల్టింగ్ షాపులో షిఫ్టు చేశాడు."

"ఒడంబడిక," అంది దిండు.

"తప్పు పట్టడంలేదు. ఒక్క చోటే పొరపాటు పడ్డాడు. పాత్ర ఒలికితే పడేది చెడ్డవాళ్ళ మీద కాదు, కింద నిలబడ్డవాళ్ళ మీద."

ఆమె దిండులో ముఖం సర్దుకుంది. తర్వాత, "ఒక సంగతి చెప్తే ఏమీ అనుకోరుగా? సెలా అన్నది చదవకూడదండీ."

"మరి అచ్చెందుకు వేశారు?"

"ఆగమని. దానికి సరైన అర్థం ఎవరికీ తెలీదంటారు. మా నాన్నగారు మాత్రం, అక్కడ ఆగాలి అనేవారు."

"ఎంతసేపు?"

"చదివిన మాట లోపలికి దిగేదాకా. తీర్పు అన్న మాట వినగానే తర్వాతి వచనంలోకి పరిగెత్తితే, అది పక్కవాడి గురించి అనిపిస్తుందట. కాస్త ఆగితే మన గురించి అని తెలుస్తుందట."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరు చదవడమే గొప్ప. తప్పులు పట్టి అదీ పోగొట్టుకోమంటారా?" నవ్వు ఆమె భుజాల్లో కనిపించింది. "మళ్ళీ చదవండి, ఆ రెండు వచనాలూ."

చదివాను. స్తంభాల దగ్గర ఆగాను.

పంకా తిరుగుతోంది. ముంజలవాడు వీధి మలుపు తిరిగినట్టున్నాడు, అరుపు వినబడలేదు. నేను దేన్నీ ధ్యానించలేదు, ఆ అలవాటు నాకు లేదు. ఒక ఖాళీ ఏర్పడితే మనసులో ఉన్నది అందులోకి వస్తుంది, తేలికైనది పైకి తేలినట్టు. ఆ ఖాళీలోకి ఒక గీత వచ్చింది. కింది మూల నుంచి పై మూలకు, ఎక్కడా ఆగకుండా.

తీగ అటూఇటూ అయినా గీత ఆగే చోటు జరుగుతుంది, పొట్టిదవుతుంది, మాయం కాదు. అది మాయం కావాలంటే తీగ పూతను తాకి ఉండకూడదు, ఉత్త మంటలో వేలాడి ఉండాలి. మంట వేడిని కొలిచి పూత వేడి అని రాశారు. పూత ఆరలేదు. ఇది నాకు ఇప్పుడు తెలిసిన విషయం కాదు. బల్ల మీద కాగితం పరిచిన మొదటి నిమిషంలోనే తెలుసు.

"ఏమండీ," అంది రాణి, "మరీ ఇంతసేపా?"

"పాలు పొంగుతాయేమో, చూసివస్తాను," అని లేచాను.

పొయ్యి మీద పాలు లేవు. ఆమెకు కళ్ళు పనిచేయకపోయినా ముక్కు పనిచేస్తుంది.

శ్రీరామ్మూర్తి ద్వారకా నగర్‌లో ఒక టిఫిన్ హోటలుకు రమ్మన్నాడు. పై అంతస్తులో ఏదో కోచింగ్ సెంటరు. మెట్ల నిండా పుస్తకాల సంచులతో పిల్లలు. అతను అప్పటికే కూర్చుని ఉన్నాడు. జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. "చందనోత్సవానికి వెళ్ళాను. అప్పన్న చందనం. మేడమ్‌గారికి ఇద్దామని... వాళ్ళు పుచ్చుకోరు కదా, మర్చేపోయాను."

"ఇటివ్వు. నాకు చెమటకాయలు," అన్నాను. ఇద్దరం నవ్వాం. మేం కలిసి నవ్వడం అదే ఆఖరు.

పట్టిక నకలు తీసి, నూరు డిగ్రీల దగ్గర వేలు పెట్టాను. అతను దాన్ని చూడలేదు, నన్ను చూశాడు. అతనికీ తెలుసు. పని నేర్పింది నేనే కదా.

"గురువుగారూ, ఆ రోజు మీరేగా అన్నది? పోయినవాడికి లాభనష్టాలు లేవని?"

"అన్నాను."

"ఇప్పుడు దీన్ని కదిపితే కొలిమి ఆపేస్తారు. నాలుగు వందల మంది రోజుకూలీలు. బతికున్నవాళ్ళు. వాళ్ళకి లాభనష్టాలు ఉంటాయి."

"ఉంటాయి. ఆరని లేడిల్ కింద రేపు నిలబడేదీ వాళ్ళే."

"అది నేను నోటిమాటగా చెప్తాను. పూత ఆరబెట్టడానికి రెండో బర్నరు పెట్టించే పూచీ నాది. ఆ వాక్యం మాత్రం ఉండనివ్వండి." అతను గొంతు తగ్గించాడు. "తప్పు చేసినవాణ్ణి పైవాడు వదలడు. నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఆయన లెక్క ఆయన చూసుకుంటాడు."

"నమ్ముతావు కాబట్టి నువ్వు ఆయనకు వదిలెయ్యగలవు," అన్నాను. "నాకు ఆ వెసులుబాటు లేదు. నా ఎరికలో పైన ఎవరూ లేరు. ఆ బల్ల దగ్గర కూర్చున్న మనం ముగ్గురమే ఉన్నాం."

సర్వరు వచ్చి, ఇంకేమైనా కావాలా అన్నాడు. శ్రీరామ్మూర్తి కాఫీ పూర్తిగా తాగి, గ్లాసును గిన్నెలో జాగ్రత్తగా బోర్లించి, "సరే సార్," అని లేచాడు. పాతికేళ్ళలో అతను నన్ను 'సార్' అనడం అదే మొదలు.

ఒక పేజీ అసమ్మతి పత్రం రాసి రిపోర్టుకు జత చేయించాను. ఏడో పేరా అలాగే ఉంది. దాని వెనక నా పేజీ ఉంది. పదహారో రోజున డాక్టరు రాణిని తల ఎత్తమన్నాడు. ఆమె మెల్లగా ఎత్తి, ముందు గోడను, తర్వాత నన్ను చూసింది.

"చిక్కిపోయారు. ఏం జరిగింది?"

అంతా చెప్పాను. ఆ పదకొండో రోజు పాలు లేవన్న సంగతి కూడా.

"ఇందులో నీ దేవుడి ప్రమేయం ఏమీ లేదు," అన్నాను చివర.

"నేనడిగానా?" అంది. కాసేపటికి పుస్తకం నా చేతిలో పెట్టింది. కన్ను బాగుపడిందిగా అంటే, "మీరు చదివితే మధ్యలో ఆలోచించుకోడానికి వీలుగా ఉంది," అంది. ఆ ఏర్పాటు మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది. ఆదివారాలు మాత్రం నేను గేటు బయటే.

కొలిమి ఆపేశారు. మే నెల ఆఖరులో ఉమామహేష్ మా ఇంటికి వచ్చి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మీరు రాసింది నిజమే సార్. బావ పేరు నిలబెట్టినారు. నాకు మాత్రం పని పోనాది. ఇద్దరు పిల్లలు." కోపంగా లేడు, అదే భరించలేకపోయాను. "మీకేటి, మీరు రిటైరైపోనారు."

రాణి మజ్జిగ తెచ్చింది. అతను పుచ్చుకోలేదు. వంకర లేకుండా తీర్పు చెప్పేవాడు ఉంటే, ఇలాంటి వాళ్ళకు గుమ్మంలో ఏం చెబుతాడో అడగాలనుంది.

జూన్ మధ్యలో చేపల వేట నిషేధం ముగిసింది. ఆ పొద్దున గంగాలమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. రెండు నెలలు ఇసక మీద బోర్లించి ఉన్న పడవలను నీళ్ళలోకి తోస్తున్నారు. ఆమె వల పక్కన కూర్చుని ఉంది.

"ఆడి పేరు కొట్టీసినారా బాబూ?"

"నా కాగితంలో కొట్టేశానమ్మా. పెద్ద కాగితంలో ఇంకా ఉంది. పైవాళ్ళు తేల్చాలి."

"ఎప్పుడు తేలుతాది?"

"తెలీదు."

ఆమె వల పక్కకు తోసింది. "అయితే మీ కాగితమే సదవండి. కుళాయి కాడ. ఇప్పుడు నీళ్ళొచ్చే ఏళ."

అలాంటి కాగితాలు బయట చదవకూడదు. ఆ నియమాలు నేనే కొందరికి నేర్పాను. జేబులోని నకలు విప్పాను.

కుళాయి దగ్గర ఇరవై బిందెలదాకా వరుసలో ఉన్నాయి. వీరేంద్ర తల్లి ఎవరో ఎవరూ చూపించకుండానే తెలిసింది. అందరూ ఆమె ముఖమే చూస్తున్నారు. వెనక గోడకు ఆనుకుని ఉమామహేష్ నిలబడ్డాడు, నా వైపు చూడకుండా. ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో చెబుతూ చదివాను. పూత ఆరలేదు. ఆరిందని చూపించిన గీత తప్పుడు గీత. ఇసకను దొరబాబు ఎప్పటిలాగే వేయించి పోశాడు. ముగ్గురి చావుకూ అతను కారణం కాదు.

తర్వాతి వాక్యం ఉంది. చదవలేదు. ఆగాను.

కుళాయి కింద ఎవరిదో బిందె నిండి, పొర్లి, నీళ్ళు నా చెప్పుల దాకా వచ్చాయి. ఎవరూ కట్టలేదు. వీరేంద్ర తల్లి నన్ను చూసింది, తర్వాత కాగితాన్ని చూసింది. ఆమె ముఖంలో ఏముందో నేను రాయలేను. నాకు చదవడం రాని లిపి అది. కాసేపటికి వరుసలో ఉన్న తన బిందెను కాలితో ఒక జానెడు పక్కకు జరిపింది. చోటివ్వడానికో, నీళ్ళు తగలకుండానో చెప్పడానికి నా దగ్గర రుజువు లేదు.

గంగాలమ్మ ఇంట్లోకి వెళ్ళింది. బిందె తెచ్చి, ఆ జానెడులో పెట్టింది.